మగ్గం నుంచి మారుతి దాకా

కార్ల కబుర్లు మగవాళ్ళవి, మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. నేను చెప్పబోయే కారు కథ కార్ఖానాలో మొదలు కాలేదు. ఒక తల్లి బట్ట నేసుకునే మగ్గం దగ్గర మొదలయింది. ఆ మగ్గం చేసిపెట్టినవాడు ఆవిడ కొడుకు. వడ్రంగి. అతను పెట్టిన మగ్గాల కార్ఖానా డెబ్భై నాలుగేళ్ళు తిరిగేసరికి మన దేశంలో ఆంజనేయస్వామి పేరుతో ఒక బుల్లి కారై రోడ్డెక్కింది. మనలో ఎన్నో ఇళ్ళకి మొదటి కారు అదే. నాలాంటి కొందరు ఆడవాళ్ళకి స్టీరింగు పట్టుకున్న మొదటి కారూ అదే.

జపానులో టోక్యోకీ ఒసాకాకీ మధ్య హమమత్సు అని ఒక ఊరుంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పత్తి పండేది, ఇంటింటా మగ్గం ఆడేది. మన మంగళగిరో, చీరాలో అనుకోండి. 1887 ఫిబ్రవరిలో ఆ పల్లెల్లో ఒక పత్తిరైతు ఇంట మిచియో సుజుకీ పుట్టాడు. పద్నాలుగో ఏట వడ్రంగి పనిలో పెట్టారు. ఏడేళ్ళ ఒప్పందం. మూడేళ్ళు తిరిగాయో లేదో, 1904లో రష్యాతో యుద్ధం వచ్చిపడింది. యుద్ధాల్లో కొత్తిళ్ళు కట్టుకునేదెవరు? ఇళ్ళ పనులు లేక ఆ వడ్రంగి మగ్గాలు చెయ్యడంలోకి దిగాడు. గురువుతో పాటు శిష్యుడూ దిగాడు. ఆ యుద్ధమే రాకపోతే మిచియో హాయిగా తలుపులూ కిటికీలూ చేసుకుంటూ బతికేసేవాడేమో.

ఒప్పందం తీరాక 1908లో, పట్టుపురుగులు పెంచే పాక ఒకటి ఖాళీగా ఉంటే అందులో కూర్చుని సొంతంగా ఒక మగ్గం చేశాడు. కాలితో తొక్కితే నడిచే మగ్గం. దాన్ని తల్లి కోసమే చేశాడని ఇప్పటికీ ఆ కంపెనీ వాళ్ళు చెప్పుకుంటారు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు చూశారు. చూసి ఊరుకుంటారా? మాకూ ఒకటి, మాకూ ఒకటి అన్నారు. 1909 అక్టోబరులో సుజుకీ మగ్గాల కార్ఖానా వెలిసింది.

అతని బుర్ర ఎలాంటిదో తెలియాలంటే ఒక్క సంగతి చెప్పాలి. పడుగులో రంగులు ఎన్నయినా ముందే అమర్చుకోవచ్చు గానీ, పేకలో రంగు మార్చాలంటే మగ్గం ఆపి నాడె మార్చాలి కదా. గళ్ళ బట్ట నేసేవాళ్ళకి ఈ ఆపడం, మార్చడం పెద్ద యాతన. మిచియో రెండు నాడెలు పట్టే పెట్టె ఒకటి బిగించి, అది కిందకీ పైకీ కదిలే ఏర్పాటు చేశాడు. ఏ రంగు కావాలంటే ఆ నాడె దానంతటది దారిలోకి వస్తుంది. చారలూ గళ్ళూ నేసే ఆడవాళ్ళు ఆ మగ్గం మీద పడ్డారంటే వింతేముంది? తరవాత తరవాత లుంగీల్లాంటి సారంగులు నేసే మగ్గాలు చేసి ఆగ్నేయాసియా దేశాలకి పంపాడు. మన చీరాల వైపు నేసిన లుంగీలూ రుమాళ్ళూ ఓడలెక్కి వెళ్ళిన కాలమూ దాదాపు అదే.

ఇంకో చమత్కారం వినండి. ఆ ప్రాంతంలోనే, మిచియో కంటే ఇరవయ్యేళ్ళు ముందు పుట్టిన మరో వడ్రంగి కొడుకు కూడా మగ్గాలే చేశాడు. పేరు సకిచి టొయోడా. ఆయన కొడుకు పెట్టిందే టొయోటా కార్ల కంపెనీ. ఒకే నేతనేలలో రెండు కార్ల వంశాలు పుట్టాయన్నమాట. టొయోటా వారు అన్నగారిలా పెద్ద పెద్ద కార్లు చేస్తూ ప్రపంచమంతా పేరు మోశారు. సుజుకీ వారిది మాత్రం మొదట్నుంచీ చిన్న సంసారమే. మన కథ చిన్న సంసారానిది.

మగ్గం మంచిదైతే ఒక చిక్కుంది. ఏళ్ళ తరబడి పాడవదు. పాడవకపోతే కొన్నవాడు మళ్ళీ కొనడు! ఇది గ్రహించి మిచియో 1937 ప్రాంతంలో కార్ల మీద దృష్టి పెట్టాడు. ఇంగ్లండులో చేసిన ఆస్టిన్ సెవెన్ అనే చిన్న కారొకటి తెప్పించి, విప్పి, ముక్క ముక్కా చూశారు. రెండేళ్ళలో సొంత నమూనాలు తయారయ్యాయి. ఇంజను పరిమాణం 800 సీసీకి లోపు, శక్తి 13 గుర్రాలు. ఈ ఎనిమిదివందల అంకె కాస్త గుర్తుంచుకోండి. అంతలో రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చి, సామాన్యుల కార్లు అవసరం లేని వస్తువులని ప్రభుత్వం అనేసింది. నమూనాలు మూలపడ్డాయి.

యుద్ధం అయ్యాక మళ్ళీ మగ్గాలే. 1951లో పత్తి ధరలు కుప్పకూలి మగ్గాల బేరం కూడా పడిపోయింది. ఇక్కడ రంగం మీదకి వచ్చినవాడు షున్జో సుజుకీ. మిచియోకి అల్లుడు. ఈయనకి చేపలు పట్టే సరదా. ఒకరోజు సైకిలు మీద వస్తూ ఎదురుగాలికి తొక్కలేక రొప్పుతూ, దీనికో బుల్లి ఇంజను తగిలిస్తే ఎంత బాగుండు అనుకున్నాడట. 1952లో అదే బజారులోకి వచ్చింది. 36 సీసీ ఇంజను బిగించిన సైకిలు. కావాలంటే తొక్కవచ్చు, కావాలంటే ఇంజను మీద పోవచ్చు, లేదంటే రెండూ కలిపి. ఆ ఏర్పాటు నచ్చి ప్రభుత్వం డబ్బు సాయం కూడా చేసింది. రెండేళ్ళలో నెలకి ఆరువేల మోటారుబళ్ళు చేసే స్థితికి వచ్చి, 1954లో కంపెనీ పేరులోంచి మగ్గాన్ని తీసేసి మోటారు అని పెట్టుకున్నారు.

అల్లుడన్నాను కదా. మనవాళ్ళు ఇల్లరికపుటల్లుడంటే మూతి ముప్ఫై వంకర్లు తిప్పుతారు. సామెతలు కూడా ఆ పాపం అల్లుడికి అనుకూలంగా ఒక్కటీ ఉండదు. జపానులో అలా కాదు. వ్యాపారం నిలబెట్టగల కొడుకు లేడనుకుంటే చాకులాంటి కుర్రాణ్ణి చూసి, అమ్మాయినిచ్చి, ఇంటిపేరు కూడా ఇచ్చేస్తారు. అతను కొడుకే అయిపోతాడు. షున్జో అలా వచ్చినవాడే. ఆయన తన కూతురికి చేసింది కూడా ఇల్లరికమే. 1958లో ఒసాము మత్సుదా అనే బ్యాంకు ఉద్యోగి ఆ అమ్మాయిని పెళ్ళాడి ఒసాము సుజుకీ అయ్యాడు. మన దేశానికి మారుతిని తెచ్చింది ఈ రెండో తరం ఇల్లరికపుటల్లుడే. బ్యాంకు గుమాస్తాని అల్లుడిగా తెచ్చుకుంటే ఇంత కథ నడిచింది!

మొదటి కారు మాటకి వస్తే, అది 1955 అక్టోబరులో వచ్చింది. పేరు సుజులైట్. ఇంజను 360 సీసీ. యుద్ధంలో నలిగిపోయిన దేశంలో మామూలు సంసారులకి పెద్ద కార్లు అందవని జపాను ప్రభుత్వం 1949లో బుల్లికార్ల తరగతి ఒకటి పెట్టింది. ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత ఇంజను మించకూడదు, మించకపోతే పన్ను తక్కువ. సుజులైట్ ఆ కొలతల్లో కుట్టిన చొక్కా. నమూనా బళ్ళని హకోనే కొండల మీదుగా, అప్పటి గతుకు రోడ్ల మీద, టోక్యో దాకా నడిపి పరీక్షించారు. మొదట్లో నెలకి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కార్లే తయారయ్యేవి. మిచియో డెబ్భయ్యో ఏట, 1957లో, పెత్తనం అల్లుడికి అప్పగించి తప్పుకున్నాడు.

1978లో ఒసాము అధ్యక్షుడయ్యాడు. ఈయన పొదుపు సంగతి కథలుగా చెప్పుకుంటారు. కార్ఖానాలో అక్కర్లేని దీపం వెలిగితే ఊరుకునేవాడు కాదు. ఒక్కో విడిభాగంలో ఒక్క గ్రాము బరువు, ఒక్క యెన్ ఖర్చు తగ్గించండి అని పనివాళ్ళకి నినాదం ఇచ్చాడు. వంటింట్లో నూనె చుక్కా చుక్కా చూసుకు వాడే ఇల్లాలికి ఈ నినాదం కొత్తగా చెప్పాలా?

ఆయన గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1979 మే నెలలో, ఆల్టో అనే కారు వదిలాడు. మనకి అసలు సంబంధం ఇక్కడే మొదలవుతుంది. అప్పట్లో జపానులో సొంతానికి వాడుకునే కార్లమీద పన్ను ఉండేది, సరుకులు మోసే బళ్ళ మీద లేదు. బజారుకి వెళ్ళొచ్చే ఇల్లాలు ఎంతమందితో వెళుతుంది? ఒక్కతీ, మహా అయితే పక్కన ఇంకొకరు. కనుక వెనక సీటు ఇరుకు చేసి, సామాన్ల చోటు పెంచి, దాన్ని సరుకుల బండిగా లెక్కకట్టించాడు. ధర దేశమంతటా ఒక్కటే, 4,70,000 యెన్‌లు. అలాంటి తక్కిన కార్లు ఆరు లక్షల యెన్‌ల పైచిలుకు ఉన్న రోజులవి. ఆల్టో అనే మాటని జపాను నోళ్ళు 'అరుతో' అంటాయి. వాళ్ళ భాషలో 'అరుతో' అంటే 'ఉంటే' అని. ఆఫీసుకో మాటు, బజారుకో మాటు, ఉంటే ఎంత బాగుంటుందో అని ఒసాము ఆ పేరుతోనే చమత్కారం చేశాడు. కార్లు విరగబడి అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళలో ఆడవాళ్ళు బోలెడంతమంది. 1984లో వచ్చిన రెండో ఆల్టోలో ఒక రకానికి డ్రైవరు సీటు తలుపు వైపు తిరిగేది, గౌనులూ కిమోనోలూ వేసుకున్నవాళ్ళు కాళ్ళు ఎత్తి పడకుండా హాయిగా దిగడానికని. చీర కుచ్చిళ్ళు పట్టుకుని దిగే మన దేశానికి వచ్చిన బండిలో మాత్రం ఆ సీటు రాలేదు. ఎవరికి తట్టిందని!

ఇక మన ఇంటి సంగతి. 1970లలో మన దేశంలో కారంటే అంబాసిడరు, లేకపోతే ఫియట్, లేకపోతే మద్రాసు వారి స్టాండర్డు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ప్రజల కారు చేస్తానని సంజయ్ గాంధీ 1971లో మారుతి లిమిటెడ్ అని కంపెనీ పెట్టాడు. పేరు పెట్టడమే అయింది గానీ ఇళ్ళకి కారు రాలేదు. 1978లో ఆ కంపెనీ మూతపడింది. 1980 జూన్‌లో సంజయ్ విమాన ప్రమాదంలో పోయాక ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆ ఆస్తుల్ని స్వాధీనం చేసుకుని, 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ అని సర్కారు కంపెనీ పెట్టింది. కన్నతల్లి మనసని కొందరన్నారు, ప్రజల సొమ్మని కొందరన్నారు. రెండూ నిజమేనని నాకనిపిస్తుంది.

భెల్ నడిపిన వి.కృష్ణమూర్తి, ఐఏఎస్ నుంచి వచ్చిన ఆర్.సి.భార్గవ అందులో ముఖ్యులు. తోడు కోసం యూరప్‌లోనూ జపానులోనూ ఎన్నో గుమ్మాలెక్కారు. పెద్ద కంపెనీలు పెదవి విరిచాయి. ఏడాదికి ఇన్నివేల కార్లు కూడా అమ్ముడుపోని దేశంలో అన్ని కోట్లు పెట్టడమా అని. చిన్నవాడు సుజుకీ మాత్రం సరేనన్నాడు. 26 వంతుల వాటాతో 1982 అక్టోబరు 2న ఢిల్లీలో సంతకాలయ్యాయి. రాట్నం తిప్పిన మహాత్ముడి పుట్టినరోజున మగ్గాల ఇంటివారితో ఒప్పందం! ఎవరూ అనుకుని చేసింది కాదులెండి. ఇంకో సంగతి. హమమత్సులో ముసలి మిచియో అప్పటికి బతికే ఉన్నాడు. తొంభై అయిదేళ్ళు. ఆ నెల 27నే కన్నుమూశాడు.

1983 ఏప్రిల్‌లో బుకింగులు తెరిచారు. పదివేల రూపాయలు ముందు కట్టాలి. పదివేలంటే అప్పుడు మాటలా? ఎవరి మెడలో గొలుసులు తాకట్టుకు వెళ్ళాయో ఎవరు చెప్పొచ్చారు! అయినా రెండు నెలల్లో లక్షా ముప్ఫయి అయిదు వేలమంది కట్టారు. లాటరీ తీశారు. డిసెంబరు 14న, సంజయ్ పుట్టినరోజున, ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీలో ఒక విమానసంస్థ ఉద్యోగి చేతిలో పెట్టింది. ధర 47,500 రూపాయలు. ఇంజను 796 సీసీ. దాన్నే 800 అన్నారు. మిచియో 1939లో చేసి మూలపెట్టిన నమూనా అంకె గుర్తుందా?

కార్ఖానాలో జపాను పద్ధతులు పెట్టబోతే మనవాళ్ళు మొదట ఉలిక్కిపడ్డారు. పెద్దాఫీసరుకీ పనివాడికీ ఒకే రకం దుస్తులు, ఒకే భోజనశాల, పొద్దున్నే అందరూ కలిసి వ్యాయామం. ఆఫీసర్లకి వేరే గదులు కూడా వద్దన్నాడు ఒసాము. కుర్చీ వెనక తువ్వాలు, గుమ్మానికి తెర, బయట బంట్రోతు లేకుండా మన దొరగార్లకి పదవి పదవిలా ఉంటుందా? కానీ నడిచింది. 1987లో అయిదువందల మారుతులు హంగరీ దేశానికి వెళ్ళాయి.

అంబాసిడరు సంగతి ఎరిగినవాళ్ళకి ఈ బుల్లికారు తేడా చెప్పక్కర్లేదు. అంబాసిడరుది ఏనుగు ఠీవి. పెళ్ళివారింట్లో సగంమంది అందులో ఇమిడేవారు. కానీ గేరు స్టీరింగు పక్కనుంచి తిప్పాలి, క్లచ్ తొక్కాలంటే పిక్కలో సత్తువుండాలి, బండి తిప్పాలంటే రుబ్బురోలు తిప్పినట్టుండేది. అందుకే కారుకి డ్రైవరనే ఆసామీ ఒకడు తప్పనిసరి. ఆడవాళ్ళం వెనక సీట్లో బొమ్మల్లా కూర్చోవడం. మారుతి బరువు అంబాసిడరు బరువులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. గేరు చేతికింద, క్లచ్ మెత్తన. చలికాలం పొద్దున చోకు అనే బుడిపె లాగి, తాళం తిప్పి, కాసేపు ఆగి లోపలికి నెట్టడం తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. అగ్గిపెట్టె అన్నారు, సబ్బుపెట్టె అన్నారు. అన్నవాళ్ళే వరసలో నిలబడి కొన్నారు.

గుంటూరులో మా పక్కవాటాలో ఒక వదినగారుండేవారు. వాళ్ళాయన 1991లో ఎర్ర మారుతి కొని, మూడేళ్ళు తిరక్కుండానే పోయారు. ఇల్లు ఉమ్మడిది. పొలం పేచీలో ఉంది. బ్యాంకులో ఉన్నది పిల్లల చదువుకి. బండి మాత్రం వదినగారి పేరున రిజిస్టరయి ఉంది, పుట్టింటివారు కొంత డబ్బు వేశారు కనుక. మరుదులు వచ్చి, "బండి ఎండలో ఊరికే పాడవుతోంది వదినా, బేరం చూశాం, సంతకం పెట్టు" అన్నారు. ఆవిడ ఆ పూటకి తల వంచుకుని, "పిల్లల పరీక్షలు కానియ్యండి" అన్నారు. మర్నాడు మధ్యాహ్నం మా వంటింట్లోకి వచ్చి, "ఏమ్మా, మనకి నేర్పేవాళ్ళెవరైనా ఉంటారా?" అని అడిగారు. మనకి అన్నారు, నాకు అనలేదు. తోడు కావాలి కదా మరి.

లారీ నడిపి మానేసిన పెద్దాయన ఒకాయన్ని మావారు మాట్లాడిపెట్టారు. మేం బాబాయి అనేవాళ్ళం. తెల్లవారుజామున అయిదింటికి, కళ్ళాపి చల్లేవాళ్ళు కూడా లేవకముందు, ఇద్దరం బయల్దేరేవాళ్ళం. ఆయన ఎప్పుడూ గొంతెత్తలేదు. "అమ్మగారూ, క్లచ్చి పసిపిల్ల చెయ్యి వదిలినట్టు వదలాలండి, చట్టుక్కున కాదు" అనేవాడు. లారీ ఎదురొస్తే, "వాడికి మనం చీమంత. చీమకి దారి ఉంటుంది, కంగారు పడకండి" అనేవాడు. నెలన్నర తిరిగేసరికి ఇద్దరికీ లైసెన్సులొచ్చాయి. ఫొటోలో నేను దొంగలా ఉన్నాను గానీ వదినగారు మాత్రం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఉన్నారు.

పిల్లల పరీక్షలయ్యాయి. మరుదులు మళ్ళీ వచ్చారు. ఆవిడ కాఫీలిచ్చి, "బండి పనిలో ఉందయ్యా, అమ్మను" అన్నారు. ఏం పనంటే, మంగళగిరి. అక్కడ నేతగాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, నిజాం బోర్డరు చీరలు పాతికా ముప్ఫై తెచ్చి, గుంటూరులో, బెజవాడలో తెలిసినవాళ్ళిళ్ళకి వాయిదాల మీద ఇచ్చేవారు. బస్సులో మూటలు మోస్తే రోజుకో ఊరు. కారులో మూడు ఊళ్ళు. వెనక సీటు నిండా చీరలు, డిక్కీలో అమ్మవారి కొండకి వెళ్ళేవాళ్ళ సామాను కూడా ఎప్పుడైనా. దసరాకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు ఆవిడ బండి ముందు ఒక కొత్త చీర మడత కూడా పెట్టేవారు. ఆ ఎర్రబండి మీద ఇద్దరు పిల్లలూ ఇంజనీరింగు పూర్తిచేశారు.

ఆ కారుకి అన్నీ గుణాలేనని చెప్పను. రేకు పల్చన. బలమైన దెబ్బ తగిలితే లోపలున్నవాళ్ళని కాచే శక్తి తక్కువ. 800 తరవాత ఆ ఇంటిదే ఆల్టో 800 వచ్చింది. 2014 జనవరిలో అంతర్జాతీయ పరీక్షలో దాన్ని గోడకి గుద్ది చూస్తే ఒక్క నక్షత్రం కూడా రాలేదు. పొదుపు ఎక్కడ ఆగాలో ఒసాముగారి గ్రాము లెక్కలు చెప్పలేదన్నమాట. డ్రైవరు ముందు గాలిసంచీ ఉండి తీరాలని మన ప్రభుత్వం 2019 జులై నుంచి గానీ అనలేదు. అంతవరకూ పసిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న తల్లులందరినీ తల్చుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది. అందరూ ఒకే భోజనశాలలో తిన్న కంపెనీలోనే 2012 జులై 18న మానేసర్ కార్ఖానాలో కొట్లాట, మంటలు. ఒక మేనేజరు ప్రాణం పోయింది. 2017లో పదముగ్గురు పనివాళ్ళకి యావజ్జీవ శిక్ష పడింది. ఒప్పంద కూలీల జీతాల తగువు అంతకుముందు నుంచే రగులుతూ వచ్చింది. ఆ రెండు వైపుల ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళ గురించి పత్రికలు పెద్దగా రాసినట్టు లేదు.

ప్రభుత్వం తన వాటా మెల్లిమెల్లిగా తగ్గించుకుని 2007లో పూర్తిగా తప్పుకుంది. ఇప్పుడు సుజుకీ ప్రపంచం మొత్తం మీద అమ్మే కార్లలో సగానికి పైగా మన దేశంలోనే. పుట్టింట్లో కంటే అత్తింట్లోనే సంసారం పెరిగింది. పొగ నిబంధనలు బిగియడంతో 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదుతో కలిపి పదమూడు నగరాల్లో 800 అమ్మకం ఆగింది. మన చిన్న ఊళ్ళలో ఇంకొన్నాళ్ళు నడిచి, 2014 జనవరి 18న ఆఖరి బండి తయారయింది. మన దేశంలో మొత్తం అమ్మినవి 25 లక్షలకు పైనే. ఆ ఏడే మే నెలలో అంబాసిడరూ ఆగింది. ఏనుగూ చీమా ఒక్క ఏడాదిలోనే వెళ్ళిపోయాయి. ఒసాము సుజుకీ 2024 డిసెంబరు 25న, తొంభై నాలుగో ఏట పోయాడు. మన ప్రభుత్వం మరుసటి నెల పద్మవిభూషణ్ ప్రకటించింది.

వదినగారి ఎర్రబండికి పదిహేనేళ్ళు నిండాక మళ్ళీ రిజిస్ట్రేషను చేయించారు. ఆ తరవాతా కొన్నేళ్ళు తిరిగింది. ఈమధ్య హమమత్సులో సుజుకీ వాళ్ళ మ్యూజియంలో పెట్టిన పాత మగ్గం బొమ్మ ఒకటి చూపించి, తల్లికోసం కొడుకు చేసిన మగ్గం కథంతా చెప్పాను. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "కాలితో తొక్కేదేగా, మన మంగళగిరి గుంట మగ్గమూ తొక్కేదే. ఇందులో వింతేముంది?" అన్నారు.

"మనవాళ్ళు తొక్కితే దారాలు విడతాయి, నాడె చేత్తో ఆడించాలి కదండీ. ఇందులో ఆ పని కూడా కాలే చేస్తుంది" అన్నాను.

"అయితే చేతులు రెండూ ఖాళీయేనన్నమాట" అన్నారు ఆవిడ కాస్త ఆలోచించి. "ఇంకేం, అత్తగారు చూసి ఉంటుంది. చిక్కుళ్ళు ఒలవమని చేట తెచ్చి ఒళ్ళో పెట్టి ఉంటుంది!"